ఎర్రగీత పడని తప్పు

ఆ రోజు గొడవ టీ గ్లాసు దగ్గర మొదలైంది.

భోజనాల బల్ల మీద నేను పరుచుకున్న కాగితాల మీద మా అమ్మాయి మాధవి తన గ్లాసు పెట్టింది. తీసేసరికి నాలుగో పేజీ మీద గుండ్రటి మరక.

"కాయిదాల మీద పెడ్తరా ఎవరన్న?" అన్నాను.

"చిత్తు కాయిదాలే గదమ్మా. కావాలంటే రేపు ఆఫీసుల మళ్ళ ప్రింట్ తీసుకొస్త."

"చిత్తు కాయిదాలైతే పొద్దటి సంది నేనెందుకు పెన్సిలు పట్టుకోని కూసున్న?"

"నేను గూడ గదే అడుగుతున్న. ఎందుకు కూసున్నవ్?"

వసారాలో ఎండకు కూర్చున్న మా మామ రాయమల్లు లోపలికి తొంగి చూశారు. "గ్లాసు మరకకు పంచాయితా? సర్పంచును పిలువాల్నా, మీలో మీరే తెంపుకుంటరా?"

"నువ్వు ఊకో తాత. నేను ఉద్యోగం చేసేదాన్ని. ఈమె నాకు టెన్త్ పేపర్ దిద్దినట్టు దిద్దుతంది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మరక సంగతి మరిచిపోయాను. "ఇగ దిద్దను తియ్. నీ పని నీది, నీ కంప్యూటర్ది," అని కాగితాలు జమచేసి, అటక మీద పాత పేపర్ల కట్టలో దోపేశాను. మొత్తం ఏడు పేజీలు. నాలుగు చూశాను. మిగిలిన మూడూ చూడలేదు.

జనవరిలో జరిగిన గొడవ అది. సాయంత్రానికల్లా ఎవరికీ గుర్తు లేదు. తల్లీబిడ్డలం ఒకే పళ్ళెంలో బఠానీలు ఒలుచుకుంటూ కబుర్లు చెప్పుకున్నాం.

ఆ కాగితాల్లో ఉన్నది మాధవి రాసిన ప్రోగ్రాం.

మాధవి ఇక్కడే చంద్రపూర్‌లో ఇంజినీరింగ్ చదివి, గాంధీ చౌక్ దగ్గర మేడ మీదున్న ఒక చిన్న ఆఫీసులో చేరింది. యజమాని పేరు అరవింద్. పనిచేసేవాళ్ళు ఐదుగురు. బళ్ళకు హాజరు పట్టీలు, దవాఖానాలకు మందుల చీటీలు, ఇలాంటివాటికి సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తారు. నిరుడు దసరా తర్వాత వాళ్ళకు ఒక బొగ్గుగని లాంపు రూము పని వచ్చింది.

గని దిగే ప్రతి మనిషీ ముందుగా లాంపు రూముకు వెళ్ళి, తన పేరున ఉన్న లాంపు తీసుకుని టోపీకి తగిలించుకుంటాడు. పైకి వచ్చాక తిరిగి ఇచ్చేస్తాడు. షిఫ్టు అయిపోయాక ఒక లాంపు తిరిగి రాలేదంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. వెంటనే వెతకడానికి జనం దిగుతారు. మామ మాజ్రి వైపు గనుల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ లాంపు రూముల్లోనే పనిచేసి రిటైరయ్యారు. ఆయన రోజుల్లో ఇత్తడి బిళ్ళలు ఉండేవి. మనిషి తన నంబరు బిళ్ళ ఇచ్చి లాంపు తీసుకుంటే, ఏ కొక్కెం మీది లాంపు తీశారో ఆ కొక్కేనికే బిళ్ళ తగిలించేవారు. చివరికి ఏ కొక్కేనికైనా బిళ్ళ మిగిలితే మనిషి మిగిలినట్టే.

మాధవి చేయాల్సింది ఆ బిళ్ళల స్థానంలో ఒక తెర. లాంపును తెచ్చి ఛార్జింగ్ గూట్లో పెట్టగానే అది వచ్చిందని కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఎవరు బయటికి వచ్చారు, ఎవరు లోపలున్నారు అన్నది తెర మీద పేర్లతో సహా కనబడాలి. పని మొదలుపెట్టే రోజు మాధవి వాళ్ళ తాతను అడిగింది, "ఒక్కో గనికి ఎన్ని లాంపులుంటయి తాత?" అని.

"ఎన్నుంటె నీకెందుకే. రోజుకెన్ని చెడిపోతయో గది అడుగు," అన్నారాయన.

మాధవి నవ్వి, ఫోన్ వస్తే అటు వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చి అడగలేదు. ఆయనా పిలిచి చెప్పలేదు.

వారానికి రెండు రోజులు తను ఇంటి నుంచే పనిచేసేది. నేను పక్కన కూర్చుని కూర తరుగుతూ చూస్తూ ఉండేదాన్ని. ఆదిలాబాద్‌లో డిగ్రీ చదివినప్పుడు నేను లెక్కలతో పాటు కంప్యూటర్లు తీసుకున్నాను. నలభై మందికి ఆరు కంప్యూటర్లు. వారానికి మనిషికి అరగంట. అందుకని ప్రోగ్రాం మొత్తం నోటుబుక్కులో రాసుకుని, ఒక్కో లైను కింద స్కేలు పెట్టి, ఏ పేరులో ఏ అంకె ఉందో పక్కన పెన్సిల్‌తో మార్చుకుంటూ, కాగితం మీదే నడిపించి చూసుకునేవాళ్ళం. "మీరే కంప్యూటర్ అనుకోండి. మీ తెలివి వాడకండి. రాసింది మాత్రమే చేయండి," అనేవారు మా నిర్మల మేడం. పెళ్ళయ్యాక ఆ చదువుతో నాకు పని పడలేదు, కానీ అలవాటు పోలేదు. ఇప్పటికీ పెళ్ళి పత్రిక చేతికొస్తే తేదీకీ వారానికీ పొంతన ఉందో లేదో చూసిగానీ పక్కన పెట్టను.

మాధవి పని చూడటానికి ముచ్చటగా ఉండేది. ప్రోగ్రాములు రాయడానికి వాళ్ళు వాడే దాన్ని ఐడీఈ అంటారట. తను మాత్రం ఎడిటర్ అనేది. రెండు మూడు అక్షరాలు కొట్టగానే కింద పేర్ల జాబితా పడుతుంది. ఎంటర్ నొక్కితే మొదటి పేరును అదే పూర్తి చేస్తుంది. బ్రాకెట్టు మరిచిపోతే తనే పెడుతుంది. పొరపాటు రాస్తే కింద వంకర టింకరగా ఎర్రగీత గీస్తుంది. మేం వారంలో రాసేది తను గంటలో రాసేది. నాకు అసూయ కూడా కలిగింది, అబద్ధమెందుకు.

"ఎంటర్ కొట్టే ముందు చదువుతవా?" అని ఒకసారి అడిగాను.

"ఏం చదువాలె?"

"గా పేర్లు. అన్నీ ఒక్క తీరుగనే మొదలైతున్నయి."

"తప్పు పేరైతే ఎర్రగీత వస్తదమ్మా. గీత లేదంటె బరాబర్ ఉన్నట్టు."

"గీత పడకుంట తప్పుండదా?"

"నీ కాలంల గివన్ని లేకుండె. మీరు కండ్లు పోయేటట్టు చదివేటోళ్ళు. గిప్పుడు అది చదువుతది, మనం రాస్తం."

నాకు నమ్మకం కుదరలేదు. ఒకసారి మొత్తం ప్రింటు తీసుకురమ్మని అడిగాను. నన్ను సంతోషపెట్టడానికే అయినా, తెచ్చింది. ఉదయం పనులయ్యాక రోజుకొక పేజీ చొప్పున చూసుకుంటూ వచ్చాను. రెండో పేజీలో ఒక తప్పు దొరికింది. మూడో షిఫ్టు వాళ్ళు లాంపు తీసుకుని తిరిగిచ్చేలోపు తేదీ మారుతుంది కదా, ఆ షిఫ్టు వాళ్ళకు రెండు రోజులకూ హాజరు పడుతోంది. చెప్తే మాధవి ముఖం ఎర్రబడింది. "సరే, చూస్త," అంది. సరిచేసుకుంది కూడా. కానీ అప్పటి నుంచి నేను పెన్సిల్ పట్టుకుంటే తనకు చిరాకు. గ్లాసు గొడవ వెనకున్న గొడవ అదేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు కనబడింది గ్లాసు ఒక్కటే.

ఫిబ్రవరిలో గనిలో తెర పెట్టారు. మాధవి పేడాలు తెచ్చి గల్లీలో అందరికీ పంచింది. వరసగా పచ్చ దీపాలు వెలుగుతున్న లాంపు గూళ్ళ ముందు నిలబడి దిగిన ఫోటో చూపించింది. మా ఆయన విజయ్‌కుమార్ దాన్ని పవర్ స్టేషన్ స్టోర్స్‌లో తన తోటివాళ్ళందరికీ పంపారు. ఆ లాంపు రూములో పనిచేసే గోపాల్ ఒకప్పుడు మామ దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పటికీ కాంట్రాక్టు మీదే ఉన్నాడు. అతను ఇంటికి వచ్చి మరీ చెప్పిపోయాడు.

"పని మస్తు అల్కగైంది పెద్దయ్య. మా మాధవి పుణ్యం. షిఫ్టు అయినంక బటన్ నొక్కుతె ఆ షిఫ్టోళ్ళు లోపల సున్నా అని వస్తది. ఇంటికి పోవుడే."

"బిళ్ళలేం జేసిండ్రు?" అని అడిగారు మామ.

"గోనెసంచిల కట్టి స్టోర్ల పడేసిండ్రు."

మామ పేడా చేతిలో పట్టుకుని చాలాసేపు తినలేదు.

అటక మీది మూడు పేజీలు నాకు ఆ రెండు నెలల్లో రెండు మూడుసార్లు గుర్తొచ్చాయి. గుర్తొచ్చిన ప్రతిసారీ, తను అడిగితే చూస్తాను అనుకున్నాను. తను అడగలేదు. నేను తీయలేదు.

ఏప్రిల్ మూడో వారం. ఎండలు నలభై నాలుగు దాటాయి. సాయంత్రం ఏడు గంటలకు సాయమ్మ వచ్చింది. మా గల్లీలోనే నాలుగో ఇల్లు వాళ్ళది. ఆమె భర్త ఆశన్న గనిలో పంపు నడుపుతాడు. నీళ్ళు ఊరే చోట, అందరికీ దూరంగా ఉండే పని. ఆ పంపు నడిచేది మొదటి షిఫ్టులోనే.

"వదినా, మా ఆయన ఇంటికి రాలేదు. మొదటి షిఫ్టోళ్ళందరు నాలుగ్గంటలకే పైకొచ్చిండ్రట," అంది.

"గనికి ఫోన్ జేసినవా?"

"చేసిన. బయటికొచ్చిండనే తెర మీద ఉన్నదట. ఎటన్న పోయిండు కావచ్చు, వస్తడు తియ్ అన్నరు."

బల్ల దగ్గర పనిచేసుకుంటున్న మాధవి తల ఎత్తింది. "తెర మీద బయట అని ఉంటె బయటికొచ్చినట్టే అత్తమ్మా. నువ్వేం రంది పడకు. కూసో, నీళ్ళు తాగు."

ధైర్యం చెప్పడానికే అంది. ఆ మాట నమ్మి సాయమ్మ నీళ్ళు తాగి కూర్చుంది. నేను టీ పెట్టాను. టీ కూడా తాగింది. ఆ అరగంట గురించి మాధవి ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. నేనూ ఎత్తలేదు.

మామ మార్కెట్ నుంచి వచ్చేసరికి ఏడున్నర. విషయం విని చెప్పులు కూడా విప్పలేదు. "ఇయ్యాల ఆశన్న ఏ లాంపు తీస్కపోయిండు?" అని అడిగారు. మాలో ఎవరికి తెలుస్తుంది? ఆయనే గోపాల్‌కు ఫోన్ కలిపారు. ఆ రోజు గోపాల్ డబుల్ షిఫ్టులో ఉన్నాడు. మామకు చెవులు సరిగా వినబడవు కాబట్టి స్పీకర్ పెట్టుకుంటారు. మాటలన్నీ మేం విన్నాం.

"ఆశన్న లాంపు చార్జింగ్ పట్టలేదు పెద్దయ్య. గూట్లనే ఉంచి బద్లీ లాంపు ఇచ్చిన. తొమ్మిదో నంబర్ది."

"గా తొమ్మిదోది గూట్ల ఉన్నదా? తెర చూడకు. పోయి కండ్లతోని చూసి చెప్పు."

రెండు నిమిషాలు పట్టింది. ఫోన్‌లో గోపాల్ చెప్పుల చప్పుడు దూరం పోవడం, దగ్గరికి రావడం వినబడింది.

"లేదు పెద్దయ్య."

"మనిషి కిందనే ఉన్నడు. మనుషుల దింపుమని చెప్పు."

సాయమ్మ చేతిలోని గ్లాసు నేనే తీసి కింద పెట్టాను.

ఎనిమిదిన్నరకు దొరికాడు. మధ్యాహ్నం రెండింటికి పైకప్పు రాయి ఊడి ఎడమ కాలి మీద పడిందట. తనంతట తాను కదలలేకపోయాడు. నాగపూర్ తీసుకెళ్ళారు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. నాలుగింటికే బయటికి తెచ్చి ఉంటే కాలు నిలిపే ప్రయత్నం చేసేవాళ్ళమని అక్కడి డాక్టరు అన్నాడని సాయమ్మ చెప్పింది. ఆమె మమ్మల్ని ఏమీ అనలేదు. ఊరికే, జరిగింది జరిగినట్టు చెప్పింది.

గనిలో విచారణ మొదలైంది. బద్లీ లాంపు ఇచ్చిన సంగతి గోపాల్ కంప్యూటర్‌లో ఎక్కించలేదని, అందుకే తెర తప్పు చూపించిందని అన్నారు. ఎక్కించానని అతను ఎంత మొత్తుకున్నా వినలేదు. విచారణ తేలేదాకా పనికి రావద్దన్నారు. కాంట్రాక్టు మనిషిని రావద్దంటే మళ్ళీ పిలిచేదెప్పుడో ఎవరికి తెలుసు.

నాలుగో రోజు మధ్యాహ్నం స్టూలు వేసుకుని అటక మీది పాత పేపర్ల కట్ట దించాను. కాగితాలు ఎక్కడ దోపానో అక్కడే ఉన్నాయి. స్కేలు, పెన్సిల్ తెచ్చుకున్నాను. ఐదో పేజీ తీసి, ఆశన్న ఆ రోజు ఎలా గని దిగాడో అలాగే అంచున రాసుకున్నాను. అతని పేరున ఉన్న లాంపు రెండు వందల పదిహేడు. ఆ రోజు ఇచ్చింది తొమ్మిది. రెండు వందల పదిహేడు గూట్లో ఉంది. తొమ్మిది మనిషితో పాటు కింద ఉంది. ఇక నా తెలివి పక్కన పెట్టి, రాసింది మాత్రమే చేసుకుంటూ ఒక్కో లైను కిందికి దిగాను.

ఎనిమిదో లైనులో స్కేలు ఆగిపోయింది.

అక్కడ అడగాల్సింది, ఈ మనిషికి ఈ రోజు ఇచ్చిన లాంపు గూట్లోకి వచ్చిందా అని. అక్కడ రాసి ఉన్నది, ఈ మనిషి పేరున ఉన్న లాంపు గూట్లో ఉందా అని. ఉంది. పొద్దటి నుంచీ అక్కడే ఉంది. కాబట్టి మనిషి బయటికి వచ్చినట్టే. గోపాల్ తొమ్మిదో నంబరు ఎక్కించినా ఎక్కించకపోయినా ఈ ప్రోగ్రాం దాన్ని చూడనే చూడదు.

మాధవి మనిషి పేరున ఉన్నదానికి లాంప్ అలాటెడ్ అని, ఆ రోజు ఇచ్చినదానికి లాంప్ ఇష్యూడ్ అని పేర్లు పెట్టింది. రెండూ లాంప్ అనే మొదలవుతాయి. జాబితాలో అక్షర క్రమంలో అలాటెడ్ ముందు వస్తుంది. ఎంటర్ నొక్కితే పడేది అదే. ఎర్రగీత పడదు. రెండూ లాంపు నంబర్లే కాబట్టి యంత్రం దృష్టిలో అక్కడ తప్పేమీ లేదు. ఎవరి లాంపు వాళ్ళు తీసుకెళ్ళే రోజుల్లో రెండూ ఒకటే నంబరు. పరీక్ష కోసం వాళ్ళు ఆఫీసులో ఎక్కించి చూసుకున్న నలభై పేర్లలో అందరూ ఎవరి లాంపు వాళ్ళే తీసుకున్నారు. తెర పెట్టాక బద్లీ లాంపులు ఎన్నోసార్లు ఇచ్చి ఉంటారు. ఆ రోజులన్నింటిలో మనుషులు వాళ్ళంతట వాళ్ళే పైకి వచ్చారు కనుక ఎవరికీ తెలియలేదు.

ఆ ఎడిటర్‌ను తిట్టుకుందామంటే నాకు మనసు రాలేదు. అడిగిన అక్షరాలకు తన దగ్గరున్న పేర్లు చూపించింది. గీత గీయమన్న చోట గీసింది. బద్లీ లాంపు అంటే ఏమిటో దానికి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో తెలిసిన మనిషి ఒకరున్నారు, ఆయనను ఎవరూ అడగలేదు. కాగితం మీద నడిపించి చూడగలిగిన మనిషి ఇంకొకరున్నారు. నేను.

గడియారం చూశాను. ఐదో పేజీ మొదలుపెట్టి పది నిమిషాలైంది.

సాయంత్రం మాధవి రాగానే ఆ పేజీ ముందు పెట్టాను. తను దానివైపు చూడలేదు. బ్యాగు భుజం మీద అలాగే ఉంది.

"ఎనిమిదో లైను గదా," అంది.

"నీకు తెలుసా?"

"రెండో రోజే తెలిసింది. అరవింద్ సర్‌కు చూపించిన. పది నిమిషాల్ల సరిచేసి గనికి పంపిచ్చినం. ఎవ్వలకు చెప్పకు, కంపెనీ ఉండదు అన్నడు."

"మరి గోపాల్?"

మాధవి కుర్చీ లాక్కుని కూర్చుంది. 

"గది నేనెప్పుడు రాసిన్నో యాదికి తెచ్చుకుందామని చూసినమ్మా. వస్తలేదు. ఆ రోజు ఏమాలోచించిన, ఎందుకు గా పేరు పెట్టిన, ఏం యాదికి లేదు. జాబితా పడ్డది, ఎంటర్ కొట్టిన, ముందటికి పోయిన. రోజుకు వెయ్యిసార్లు కొడ్త. నేను రాసిన అని ఎట్లనాలె? అది పెడ్తుంటె సరే సరే అన్న, గంతే."

ఓదార్చాల్సింది. నోటికి వేరే మాట వచ్చింది.

"నేను నాలుగో పేజీ కాడ ఆపిన. ఇంకొక్క పేజీ చూసి అలిగినా అయిపోతుండె."

"గ్లాసు పెట్టింది నేను."

"మరకే గద. తుడిచి చూసుకుంటె అయిపోయేది."

ఇద్దరం ఒకరినొకరు వద్దనలేదు. తప్పు నాదంటే నాదని పోట్లాడుకోలేదు కూడా. దీపం పెట్టే వేళ అయిందని నేను లేచాను.

పదిహేను రోజులకు ఆశన్నను చంద్రపూర్ దవాఖానాకు తీసుకొచ్చారు. శనివారం సాయంత్రం మామ, నేను, మాధవి వెళ్ళాం. మాధవి వస్తుందనుకోలేదు. ఆటో ఎక్కేటప్పుడు వచ్చి పక్కన కూర్చుంది.

ఆశన్న బాగా చిక్కిపోయాడు. దుప్పటి కింద ఒక పక్క ఎత్తు లేదు. మమ్మల్ని చూసి లేచి కూర్చోబోయాడు. సాయమ్మ ఆపింది.

"గోపాల్‌ను పనిలకెళ్ళి తీసేసిండ్రట గదా కాక," అన్నాడు మామతో. "వాని తప్పు లేదు. నా ముందట్నే కంప్యూటర్ల కొట్టిండు, తొమ్మిది అని. నేను చూసిన. చెప్దామంటె నన్నెవ్వలు అడుగుత లేరు."

"నువ్వు పండుకో. గవన్ని తర్వాత చూద్దాం," అన్నారు మామ.

"పండుకునుడేనాయె కాక, ఇగ." నవ్వబోయి, మాధవి వైపు తిరిగాడు. "చదువుకున్న పిల్లవు, నీకు సమజైతది బిడ్డా. చేతికి గడియారం ఉండె. నాలుగు దాటినంక బత్తి బంద్ చేసి కూసున్న, మళ్ళ వాళ్ళు దగ్గరికొచ్చినప్పుడు చూపించెతందుకు మిగలాలె గదా అని. భయం గాలే. లాంపు రాకుంటె ఊకోరు, పావుగంటల దిగుతరు అనుకున్న. ఐదైంది, ఆరైంది. లాంపు రాకున్నా ఎందుకొస్త లేరా అని గప్పుడు భయమైంది."

మాధవి మంచం చివరి ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడింది. తెర చేసింది ఆమేనని అతనికి తెలుసు. పేడా కూడా తిన్నాడు. అందులో తప్పుందని తెలియదు, అంతే. చెప్తుందేమోనని నేను ఎదురుచూశాను.   వచ్చేటప్పుడు సాయమ్మ చేతిలోని ఫ్లాస్కు తీసుకుని కిందికి వెళ్ళి పాలు పోయించుకొచ్చి ఇచ్చింది. ఆటోలో ఇంటిదాకా బయటికే చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఆదివారం. పుంటికూర పప్పు, జొన్న రొట్టెలు, మామిడికాయ తొక్కు చేశాను. కూలర్ ముందు అందరం కూర్చున్నాం. జరిగిందంతా మా ఆయనకు ముందురోజే చెప్పాను. ఆయన కూడా నిద్రపోలేదని కళ్ళు చూస్తే తెలుస్తోంది.

మాధవి సగం రొట్టె తిని చేయి ఆపింది.

"బాపు, రేపు నేను గనికి పోతున్న. విచారణ చేస్తున్న సాబ్ ముందట కూసోని చెప్త. రాసి గూడ ఇస్త."

"నిన్నెవరు పిలిచిండ్రు?" అన్నారు మా ఆయన. "సరిచేసిండ్రు గదా. ఇగ ఇంకెవ్వలకు గట్ల గాదు. గోపాల్ సంగతి నేను వేరే తీరుగ మాట్లాడ్త, ఎవరన్న తెలిసినోళ్ళుంటరు."

"ఏం మాట్లాడ్తవ్ బాపు? పాపం పేదోడు, మాఫ్ చేయుండ్రి అంటవా? ఆయన తప్పే చెయ్యలేదు."

"నీ ఉద్యోగం ఏంగావాలె?"

"పొద్దుగాల అరవింద్ సర్‌కు ఫోన్ జేసి చెప్పిన. రేపటి సంది ఆఫీసుకు రాకు అన్నడు."

మా ఆయన రొట్టె పళ్ళెంలో పెట్టేశారు. మామ తల వంచుకుని పప్పు కలుపుకుంటూనే ఉన్నారు.

"ఇదొక్కటే గాదు," అంది మాధవి. "దవాఖాన చీటీలది గూడ నేనే రాసిన. గది గూడ గిట్లనే రాసిన, చదువకుంట. ఎవ్వలకేం గాలేదు కాబట్టి బరాబర్ ఉన్నదనుకుంటున్నం. చదువుత, వారం రోజులియ్యిండ్రి అని అడిగిన. ఎర్రగీతలేం లేవు గదా, ఎందుకు అన్నడు."

ఆ మాట తనే నాతో అన్న మాట అని తనకు తెలుసు. నా వైపు చూడలేదు. నేను ఇంకో రొట్టె తీసి తన పళ్ళెంలో వేయబోతే చేయి అడ్డం పెట్టింది.

"సాబ్ నిన్నే తప్పు పట్టి, కేసు గీసు అంటె?" అన్నారు మా ఆయన. గొంతు తగ్గింది.

"అంటె అననీ."

"ఒక్క రోజు ఆగు. వకీలును అడుగుదం."

"పదిహేను రోజులు ఆగిన బాపు. గోపాల్ కాక రోజూ పొద్దున గేటు దాక పోయి తిరిగొస్తున్నడట."

 మామ చేయి కడుక్కోకుండా అలాగే కూర్చున్నారు.

"నేను గూడ వస్త," అన్నాను. "ఐదో పేజీ నా చేతుల ఉండె. నేను చూడలేదని నేను చెప్పాలె."

"వద్దమ్మా. నీకెవ్వలు జీతం ఇయ్యలేదు చూడుమని." కోపంగా అనలేదు. రొట్టె ముక్కను పళ్ళెం అంచుకు జరిపి లేచి నిలబడింది. "పదింటికి పోత. గోపాల్ కాక పేరు కొట్టేసి నా పేరు రాసుకొమ్మంట. ఎవ్వలు నా ఎంబడి రావద్దు."